గుర్రం అంగ సాగాలంటే కాలు లాగితే చాలదు

క్లుప్తంగా: గుర్రం నడకను తేలిక చేసేది ప్రధానంగా వెన్ను పక్కన, పొట్ట కింద ఉండే కండరాల పని. క్యారెట్ చూపించి మెడ తిప్పించడం, వృత్తం మీద నడిపించడం, నేల మీద పరిచిన కర్రలు దాటించడం ఆ కండరాలకు పని చెబుతాయి. కాలు పట్టుకుని లాగడం వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. దక్షిణ తెలంగాణలో బరాత్ పని తీరు, పెళ్లిళ్ల క్యాలెండర్, బోరు నీళ్లు, తవుడు కూడా గుర్రం బిగుసుకుపోవడానికి కారణాలు కావచ్చు.

గుర్రాల వ్యాయామం మీద ఫోన్లలో తిరిగే వీడియోలు చాలావరకు మూడు రకాలు. ఒకదాంట్లో మనిషి గుర్రం ముందు కాలిని రెండు చేతులతో పట్టుకుని ముందుకు లాగుతుంటాడు. ఇంకోదాంట్లో గుర్రం క్యారెట్ ముక్క కోసం మెడను తుంటి దాకా తిప్పుతుంది. మూడో దాంట్లో రౌతు గుర్రాన్ని ఏటవాలుగా, కాలు మీద కాలు దాటిస్తూ నడిపిస్తుంటాడు. మూడింటికీ పెట్టే పేరు ఒకటే: స్ట్రెచింగ్. గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. మొదటి పనిలో కండరాన్ని బయటి చెయ్యి లాగుతుంది. రెండో పనిలో గుర్రమే తన కండరంతో తను వంగుతుంది. మూడోది కదులుతూ, బరువు మోస్తూ చేసే కసరత్తు. ఒళ్లు మీద వీటి పని వేర్వేరు, ఫలితాలూ వేర్వేరు.

ఈ ప్రాంతానికి ఈ చర్చ కొత్తగా వచ్చింది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గుర్రమంటే ఎక్కువగా బరాత్ గుర్రమే. షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌస్‌లలో సరదా స్వారీకి పెంచే గుర్రాలు వేరు. మలక్‌పేట రేసుల్లాంటి చోట పరుగు ముగించుకుని చేతులు మారిన థరోబ్రెడ్‌ల (రేసు జాతి గుర్రాల) సంగతి ఇంకా వేరు. 2023 సెప్టెంబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెసాజ్ (గుర్రం నడకను, అడుగుల తీరును చూపించే స్వారీ పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపు స్వారీలో దేశానికి 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం అది. గుర్రాన్ని పరుగెత్తించడమే కాకుండా దాని నడకను దిద్దడం కూడా ఒక విద్య అని చాలామంది వినడం అప్పుడే.

ఎక్కడ వంగుతుంది, ఎక్కడ వంగదు

గుర్రం మెడలో 7 ఎముకలు ఉంటాయి. మెడ కొంగ మెడలా ఎటంటే అటు తిరుగుతుంది. దాని వెనక ఛాతీ భాగంలో 18, నడుములో సాధారణంగా 6, తుంటి దగ్గర ఒకటిగా అతుక్కుపోయిన 5 ఎముకలు. ఛాతీ భాగానికి పక్కటెముకలు తగులుకుని ఉంటాయి కాబట్టి అక్కడ పక్కకు వంపు చాలా తక్కువ. నడుము ఇంకా గట్టిగా ఉంటుంది. నడుము, తుంటి కలిసే కీలు మాత్రం పైకీ కిందికీ బాగా మడుస్తుంది. వెనక కాళ్లు పొట్ట కిందికి చొచ్చుకు రావాలంటే ఆ కీలు మడవాలి. కాబట్టి గుర్రం మెడ ఎంత తిరిగిందన్నది చూసి మురిసిపోవడం వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. మెడ ఎలాగూ తిరుగుతుంది.

రెండో విషయం ముందు కాళ్లది. మనిషికి భుజాన్ని ఛాతీకి కలిపే జత్రుక ఉంటుంది, గుర్రానికి ఉండదు. ముందు కాళ్లు మొండేనికి ఎముకతో కాకుండా కండరాలతోనే అతుక్కుని ఉంటాయి. రెండు భుజాల మధ్య ఛాతీ ఉయ్యాలలో వేసిన బిడ్డలా వేలాడుతుంది. గుర్రం బరువులో 60 శాతం దాకా ఆ ముందు కాళ్ల మీదే పడుతుంది. ఉయ్యాల కండరాలు బలహీనపడితే ఛాతీ కిందికి జారుతుంది, భుజం పలక ముందుకూ వెనక్కూ జరగడానికి చోటుండదు, అంగ చిన్నదవుతుంది. పైనుంచి చూసేవాళ్లకు కాలు సాగట్లేదని అనిపిస్తుంది. లోపం మాత్రం ఛాతీ కింద ఉంటుంది.

వెనక కాలిది మరీ విచిత్రం. పొట్ట పక్కన ఉండే అసలు మోకాలు, దాని కింద వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించే కీలు (మనిషి లెక్కలో అది మడమ) రెండూ కండర తాళ్లతో జతగా కట్టేసినట్టు ఉంటాయి. ఒకటి మడిస్తే రెండోదీ మడవాల్సిందే. ఒకటి చాస్తే రెండోదీ చాస్తుంది. మనిషి మోకాలు చాచి పాదం ఒక్కదాన్నే వంచినట్టు గుర్రం చెయ్యలేదు. ముందు కాలిలో మోకాలి కిందికి, వెనక కాలిలో ఈ మడమ కీలు కిందికి వెళ్తే చెప్పుకోదగ్గ కండరమే లేదు, ఉన్నవన్నీ నరాల్లా కనిపించే స్నాయువులు. ఆ భాగాన్ని సాగదీస్తున్నామని అనుకునేవాళ్లు నిజానికి తాడును లాగుతున్నారు.

లాగడానికీ అడగడానికీ తేడా

కండరంలో ఒక కాపలా ఏర్పాటు ఉంటుంది. ఎవరైనా దాన్ని హఠాత్తుగా లాగితే, తెగిపోకుండా ఉండేందుకు అది వెంటనే బిగుసుకుంటుంది. చలికాలం పొద్దున్నే, అప్పుడే లేచిన గుర్రం కాలు పట్టి గుంజితే జరిగేది ఇదే. సాగాల్సిన కండరం ఎదురు తిరుగుతుంది. నిదానంగా, గుర్రం తనంతట కాలు వదిలేదాకా ఆగి, పదిహేను ఇరవై సెకన్లు పట్టుకుంటే బిగువు కొంత తగ్గుతుంది. ఆ వదులు ఎంతసేపు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

2009లో వెలువడిన ఒక అధ్యయనంలో 18 గుర్రాలను తీసుకుని 8 వారాల పాటు చూశారు. కొన్నింటికి వారానికి 6 రోజులు, కొన్నింటికి 3 రోజులు కాళ్లు సాగదీశారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. అంగ పొడవులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా 6 రోజులు సాగదీసిన గుంపులో కొన్ని కీళ్ల కదలిక తగ్గింది. రోజూ లాగితే రోజూ పెరుగుతుందన్న నమ్మకానికి ఇది ఎదురుదెబ్బే.

2011లో వచ్చిన మరో అధ్యయనం క్యారెట్ పద్ధతి మీద జరిగింది. 8 గుర్రాల చేత 3 నెలలు, వారానికి 5 రోజులు, ఒక్కో వంపు ఐదేసి సార్లు చేయించారు. వెన్నెముకను అంటిపెట్టుకుని మల్టిఫిడస్ అనే చిన్న చిన్న కండరాల వరస ఉంటుంది. ఎముకలు ఒకదాని మీద ఒకటి కదలకుండా పట్టి ఉంచడం దాని పని. అల్ట్రాసౌండ్‌లో కొలిచి చూస్తే ఆ కండరం మందం పెరిగింది, కుడి ఎడమల మధ్య తేడా తగ్గింది. చూసిన గుర్రాలు తక్కువే, నిజమే. ఈ రెండో పనిలో గుర్రమే కండరాన్ని వాడుతుంది, మొదటి దాంట్లో వాడదు. ఫలితాల్లో తేడాకు ఇంతకంటే సూటి వివరణ కనిపించదు.

క్యారెట్ దగ్గర జరిగే మోసం

పద్ధతి చూడ్డానికి తేలిక. గుర్రం నాలుగు కాళ్లూ సమంగా పెట్టి, గోడ పక్కన నిలబడాలి. గోడ లేకపోతే అది తుంటి పక్కకు జరిపేసుకుంటుంది. అంతకు ముందు పది నిమిషాలు నడిపించి ఉండాలి. మొదట గడ్డం ఛాతీకి, తర్వాత రెండు మోకాళ్ల మధ్యకు, ఆ తర్వాత గిట్టల దగ్గరికి. పక్కలకైతే మొదట జీను పట్టీ దాకా, తర్వాత తుంటి దాకా, చివరికి వెనక కాలి మడమ కీలు వైపు. ఒక్కో చోట ఐదు సెకన్లు.

పొరపాటు ఎక్కువగా ఆ ఐదు సెకన్లలోనే జరుగుతుంది. ఎడమ తుంటి దగ్గర క్యారెట్ చూపించారనుకుందాం. గుర్రం మెడ తిప్పుతుంది, సగం దూరం పోయాక ఆగుతుంది. అక్కడ తల ఏటవాలుగా ఒరుగుతుంది: ఒక చెవి కిందికి, ఒక చెవి పైకి. ముక్కు మాత్రం క్యారెట్‌ను అందుకుంటుంది. మెడ అడుగు భాగం వంగకుండా, తలను మెలితిప్పి పని కానిచ్చేసింది. లేదా ఎడమ ముందు కాలు ఒక అడుగు వెనక్కి వేసి దూరం తగ్గించుకుంటుంది. రెండూ దొంగ వంపులే. రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా చూడటమే దీనికి మందు. చెవి జారిందంటే క్యారెట్‌ను బెత్తెడు ముందుకు తేవాలి. చెవులు సమంగా ఉన్న చోటే ఆ రోజుకు హద్దు. మార్వాడీ, కాఠియావాడీ రకాల చెవులు కొనలు లోపలికి తిరిగి ఉంటాయి కాబట్టి కొనలు చూస్తే మోసపోతారు, చెవి మొదలు చూడాలి.

క్యారెట్‌కు బదులు బెల్లం పెట్టేవాళ్లున్నారు. బెల్లం ముక్క చిన్నది, వేళ్లు నోటికి దగ్గరవుతాయి. పైగా రుచి మరిగిన గుర్రం వంగడం మానేసి లాక్కోవడం నేర్చుకుంటుంది. పొడవాటి క్యారెట్ మంచిది, లేదా పిడికెడు పచ్చగడ్డి.

ఇంకో కసరత్తుకు క్యారెట్ కూడా అక్కర్లేదు. పొట్ట కింద, జీను పట్టీ వెనక వేళ్ల కొసలతో నిదానంగా పైకి నొక్కితే గుర్రం పొట్ట బిగించి వీపును కొద్దిగా పైకి లేపుతుంది. ఈ లేపడమే రౌతు బరువు మోసేటప్పుడు కావాల్సింది. పొట్ట కండరాలు పని చెయ్యకపోతే వీపు పాత నులక మంచంలా కిందికి జారుతుంది. అలవాటు లేని గుర్రం మొదటిసారి తన్నే అవకాశం ఉంది, పక్కకు నిలబడి చెయ్యాలి.

చెల్క మీద వృత్తం

నిలబడి చేసే వంపులు కండరాన్ని లేపుతాయి. దానికి పని నేర్పేది నడక. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెల్క నేల దీనికి బాగా సరిపోతుంది. ఇసుక పాలు ఉండటం వల్ల మరీ గట్టిగా ఉండదు, మరీ దిగబడదు. వేసవిలో పగుళ్లు విచ్చిన రేగడి మీద, సీసీ రోడ్డు మీద ఈ పని పెట్టుకోకూడదు. మే నెలలో పొద్దున ఏడు దాటాక అసలే వద్దు.

ముగ్గు పిండితో 20 మీటర్ల వెడల్పున్న వృత్తం గీస్తే చుట్టూ దాదాపు 63 మీటర్లు వస్తుంది. ఆ గీత మీద నడిపించినప్పుడు లోపలి వెనక కాలు పొట్ట కిందికి కొంచెం ఎక్కువగా రావాలి, బయటి పక్క కండరాలు సాగాలి. దిశ మారిస్తే పని మారుతుంది. గుర్రాన్ని పట్టుకుని నడిపించేది, ఎక్కేది అన్నీ ఎడమ వైపు నుంచే కావడంతో చాలా గుర్రాలకు ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా ఉంటుంది. ఒకే దిశలో తిరిగే ట్రాక్ మీద పరుగులు తీసిన రేసు గుర్రాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువగా బయటపడొచ్చు. గట్టి పక్కకు రెట్టింపు తిప్పాలన్న సలహా వినిపిస్తుంది. కానీ గట్టి పక్క త్వరగా అలిసిపోతుంది కాబట్టి దాన్ని తక్కువసేపు, ఎక్కువసార్లు తిప్పడం మేలు. వృత్తాన్ని 10 మీటర్లకు కుదించడం వారాల తర్వాతి మాట.

ఏటవాలు నడకకు పాత చరిత్ర ఉంది. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ స్వారీ గురువు లా గెరినియేర్ దీన్ని క్రమమైన కసరత్తుగా తీర్చిదిద్దాడు. ఇప్పుడు షోల్డర్ ఇన్ అంటారు. గుర్రం గోడ వెంబడి ముందుకు పోతూనే భుజాలను కొంచెం లోపలికి పెట్టి నడుస్తుంది. లోపలి వెనక కాలు బయటి ముందు కాలి జాడలో పడుతుంది. తిన్నగా నడిచే గుర్రానికి రెండు వరసల జాడలు పడితే, ఇక్కడ మూడు వరసలు కనిపిస్తాయి. ప్రతి అడుగుకూ ఆ లోపలి కాలు బరువు కిందికి వచ్చి మడవాలి, అంటే నడుము కీలుకు పని తగులుతుంది. కళ్లెం లాగి మెడ ఒక్కటే వంచితే ఇదంతా జరగదు, మెడ వంకరగా పెట్టుకుని గుర్రం తిన్నగా పోతుంది.

కర్రలు దాటించడం అందరూ చెయ్యగలిగింది. నడకకు 80 నుంచి 90 సెంటీమీటర్ల ఎడం, ట్రాట్‌కు (నడక కంటే వేగమైన దుడుకు నడకకు) 1.2 నుంచి 1.4 మీటర్లు. పొట్టి గుర్రాలకు తక్కువ కొలత నుంచి మొదలుపెట్టాలి. కర్రను దాటేటప్పుడు గుర్రం ఒంటిని పైకి ఎగరెయ్యదు, కీళ్లను మామూలుకంటే ఎక్కువ మడుస్తుంది. నొప్పి లేకుండా, ఎవరూ లాగకుండా, కీలు తన పూర్తి కదలికను తనే తిరగేసుకుంటుంది. సెంట్రింగ్‌కు వాడే నీలగిరి బాదులు సరిపోతాయి, రెండు కొసలా ఇసుక మూటలు పెట్టాలి. బోరు కేసింగ్ పైపులు వాడితే గిట్ట కింద దొర్లుతాయి, పగిలితే అంచులు కత్తుల్లా కోస్తాయి.

చెరువు కట్ట ఉన్న ఊళ్లో ఇంకో సౌకర్యం ఉంది. కట్ట వాలును నిదానంగా ఎక్కితే వెనక కాళ్లు నెట్టడం నేర్చుకుంటాయి, దిగితే మడిచి ఆపడం నేర్చుకుంటాయి. దిగడమే కష్టమైన పని, తొందరపెట్టకూడదు.

బరాత్ డాన్స్, డ్రెసాజ్ ఒకటేనా

పెళ్లి ఊరేగింపులో డప్పుల దరువుకు కాళ్లు ఎత్తి వేసే గుర్రాన్ని చూసి, ఇది చాలా మెత్తగా కదులుతోందని అనుకోవడం మామూలే. డ్రెసాజ్‌లో ఉన్నచోటే అడుగులు వేసే పియాఫ్ కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. తేడా వెనక భాగంలో ఉంది. పియాఫ్‌లో తుంటి కిందికి దిగుతుంది, వీపు పైకి లేస్తుంది, బరువు వెనక కాళ్ల మీదికి జరుగుతుంది. బరాత్ గుర్రం చాలాసార్లు తల పైకెత్తి, వీపు కిందికి జార్చి, మెడ కింది కండరాలు బిగించి కాళ్లు విసురుతుంది. డీజే మోత, పటాకులు, జనం, కళ్లెం బిగింపు అన్నీ కలిస్తే ఏ గుర్రమైనా తల ఎత్తి వీపు బిగిస్తుంది, పారిపోవడానికి సిద్ధమయ్యే భంగిమ అది. ఆ స్థితిలో గంటల కొద్దీ తారు రోడ్డు మీద తొక్కితే ఉయ్యాల కండరాలు, ముందు కాళ్ల స్నాయువులు దెబ్బతింటాయి. మెత్తదనం పెరగడానికి బదులు తగ్గుతుంది.

ఊరేగింపు అయ్యాక గుర్రాన్ని వెంటనే ఆటోట్రాలీ ఎక్కించకుండా, కళ్లెం వదులు చేసి, తల కిందికి దించి పావుగంట నడిపించడం చవకైన చికిత్స. తల దించితే మెడ మీది పొడవాటి తంతువు బిగిసి మూపును ముందుకు లాగుతుంది, వీపు తనంతట లేస్తుంది.

మూఢం తర్వాతి మొదటి పెళ్లి

ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు. గుర్రం వారాల తరబడి కట్టేసి ఉంటుంది. దాణా మాత్రం తగ్గదు, ఉలవలు రోజూ పడుతుంటాయి. శ్రావణం రాగానే ఒకే రోజు రెండు బరాత్‌లు. పని లేని రోజుల్లో బలమైన దాణా తిని, ఒక్కసారిగా పనికి దిగిన గుర్రానికి కండరాలు గడ్డకట్టినట్టు అయిపోయే జబ్బు ఒకటుంది. ఆదివారం సెలవిచ్చి సోమవారం బండికి కట్టిన గుర్రాల్లో కనిపించేది కాబట్టి పాశ్చాత్యులు దానికి సోమవారం జబ్బని పేరు పెట్టారు. మన దగ్గర మూఢం జబ్బంటే తప్పేం లేదు. తుంటి రాయిలా గట్టిపడుతుంది, చెమటలు పడతాయి, అడుగు పడదు, మూత్రం కాఫీ రంగులో రావచ్చు.

ఒళ్లు పట్టేసిందని అప్పుడు నడిపించడం, కాళ్లు సాగదీయడం ప్రమాదం. ఇప్పటికే చితికిన కండరం ఇంకా చితుకుతుంది, దాని వ్యర్థం కిడ్నీల మీద పడుతుంది. ఉన్నచోటే ఆపి, నీళ్లు పెట్టి, పశువైద్యుణ్ణి పిలవాలి. నివారణ క్యాలెండర్‌లోనే ఉంది: పని లేని నెలల్లో ఉలవలు తగ్గించి జొన్న చొప్ప, గడ్డి పెంచడం, రోజూ నడక ఆపకపోవడం, ముహూర్తాలు మొదలవడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచి వృత్తాలు, కర్రలు మొదలుపెట్టడం.

కండరం కానప్పుడు

నల్లగొండ జిల్లాకు ప్రత్యేకమైన అనుమానం ఒకటుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మనుషులకు నల్లా నీళ్లు వచ్చినా పశువుల తొట్టిలోకి బోరు నీళ్లే పోయే ఇళ్లుంటాయి. ఎక్కువ ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే పశువుల్లాగే గుర్రాల్లోనూ పళ్ల మీద మరకలు, ఎముకల మీద గడ్డల్లాంటి పెరుగుదల, బిగుసుకుపోయిన నడక రావచ్చు. ఆ బిగువు ఎముకది. ఎన్ని క్యారెట్లు చూపించినా పోదు. ముందు తొట్టి నీళ్లు మార్చాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కన ఇంకో కారణం కనిపిస్తుంది. తవుడు చవక, గుర్రం ఇష్టంగా తింటుంది. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, సున్నం (కాల్షియం) చాలా తక్కువ. అదే ప్రధాన దాణా అయితే ఒళ్లు ఎముకల్లోంచి సున్నం లాక్కుంటుంది. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది, నడక కుదించుకుపోతుంది. లాడాలు సరిగా కొట్టకపోవడం, గిట్ట ముందు కొన పొడవుగా పెరగడం, ఒంటికి కుదరని జీను ఈ జాబితాలో ఎలాగూ ఉన్నాయి. బిగుసుకుపోయిన వీపుకు చాలాసార్లు జీనే కారణం.

గిట్ట ముద్ర చెప్పే లెక్క

మార్పు వచ్చిందో లేదో కంటితో తేల్చడం కష్టం. దానికి చెల్క నేలే నోటు పుస్తకం. పొద్దున్నే ఇరవై అడుగుల మేర నేలను దంతెతో చదును చేసి, కొంచెం నీళ్లు చిలకరించి, తాడు వదులుగా పట్టుకుని గుర్రాన్ని మామూలు నడకలో తిన్నగా నడిపించాలి. ముందు గిట్ట ముద్ర ఉన్నచోట అదే పక్క వెనక గిట్ట ఎక్కడ పడిందో చూడాలి. హాయిగా నడిచే గుర్రానికి వెనక ముద్ర ముందు ముద్ర మీద గానీ, దాన్ని దాటి గానీ పడుతుంది. బెత్తెడు వెనకే ఆగిపోతే అంగ సాగట్లేదని అర్థం. ఎడమ, కుడి రెండూ టేపుతో కొలిచి తారీఖు వేసి రాసుకోవాలి. ఒకే మనిషి, ఒకే వేగంతో నడిపించాలి. ఎందుకంటే గుర్రం తొందరపడితే ముద్రలు దాటుతాయి, బద్ధకించినా వెనకబడతాయి.

కండరం పెరగడానికి వారాలు పడుతుంది, స్నాయువులు గట్టిపడటానికి నెలలు. పదిహేను రోజులకోసారి కొలిస్తే చాలు. ఆరు వారాల తర్వాత రెండు పక్కలా ముద్రలు జరిగితే చేస్తున్న పని కొనసాగించవచ్చు. ఒక పక్క జరిగి, రెండో పక్క మొదటి రోజు కొలత దగ్గరే నిలిచిపోతే కర్రలు పక్కన పెట్టి, ఆ కాలి గిట్టను లాడం విప్పించి చూపించాలి.